వార్ఫ్‌డేల్‌లో పాత రాతి బార్న్ కొని ఇల్లు చేసుకోవచ్చా? ముందు గోడలో కన్నాలు లెక్కపెట్టండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. భార్యాభర్తలిద్దరికీ లీడ్స్‌లో ఉద్యోగాలు, ఇద్దరు పిల్లలు, మీ అత్తగారు ఏడాదిలో సగం మీ దగ్గరే ఉంటారు. ఉత్తర ఇంగ్లండ్‌లోని వార్ఫ్‌డేల్ లోయలో, యార్క్‌షైర్ డేల్స్ నేషనల్ పార్క్ హద్దుల్లోపల, పొలం మధ్య ఒంటరిగా నిలబడ్డ రాతి బార్న్ (గడ్డీ గొడ్లూ ఉంచే కొట్టం) ఒకటి అమ్మకానికి వచ్చింది. దాన్ని నాలుగు బెడ్రూముల ఇల్లు చేసుకోవచ్చా? లోపల గోడలకి చెమ్మ ఉంది, సిమెంట్ ప్లాస్టర్ కొట్టిస్తే పోతుందా? కిటికీలు ఎన్ని పెట్టనిస్తారు? తూర్పు గుమ్మం కుదురుతుందా?

సూటిగా జవాబు: మీరు చెప్పిన బార్న్‌లో మీరు చెప్పిన ఇల్లు పట్టదు. ఒక పెద్ద గది, రెండు బెడ్రూములు పడతాయి, అదీ ప్లానింగ్ వాళ్లు (కట్టడాలకి అనుమతులిచ్చే అధికారులు) ఒప్పుకుంటే. ఒప్పుకున్నా అందులో మీరు కాపురం ఉండొచ్చా లేదా అన్నది ఇంకో ప్రశ్న, దాని సంగతి కింద చెప్తాను. సిమెంట్ మాత్రం వద్దు. నాలుగు బెడ్రూములు తప్పనిసరి అయితే పార్క్ బయట, కీత్లీ, హాలిఫాక్స్ వైపు "లైత్ హౌస్" అనే రకం (ఇల్లూ బార్నూ ఒకే కప్పు కింద ఉండేది) వెతకండి.

నా సంగతి రెండు ముక్కలు. ఉత్తర ఇంగ్లండ్‌లో పంతొమ్మిదేళ్లుగా పాత రాతి కట్టడాల మరమ్మతులు, మార్పులే చేస్తున్న ఆర్కిటెక్ట్‌ని. పుట్టింది పిడుగురాళ్ల దగ్గర. సున్నం బట్టీల పొగలో పెరిగాను కాబట్టి సున్నం గురించి ఇక్కడ నాకెవరూ నేర్పక్కర్లేదనుకున్నాను. మొదటి రెండేళ్లలోనే ఆ గర్వం దిగిపోయింది.

ముందు అది దేనికోసం కట్టారో చూడండి

డేల్స్‌లో పొలాల మధ్య కనిపించే బార్నుల్లో ఎక్కువ భాగం 18, 19 శతాబ్దాల నాటివి. మన కళ్లకి వింతగా ఉంటుంది: ఊరికి దూరంగా, రెండు మూడు మళ్లకొకటి చొప్పున ఒకే పోలికతో రాతి కొట్లు ఎందుకు? లెక్క సులువే. వేసవిలో కోసిన ఎండుగడ్డిని కొండదారుల్లో ఊళ్లోకి మొయ్యడం, శీతాకాలమంతా పోగైన పేడని మళ్లీ అదే పొలానికి మొయ్యడం, ఈ రెండు చాకిరీలూ తప్పించడానికి గడ్డి పండిన చోటే గడ్డివామూ గొడ్ల సావిడీ ఒకే కప్పు కింద కట్టేశారు. సుమారు నవంబరు నుంచి మే దాకా ఆవులు లోపలే. రైతు పొద్దునా సాయంత్రం నడిచి వచ్చి మేత వేసి, నీళ్లకి వదిలి, పేడ ఎత్తి వెళ్లేవాడు. ఇక్కడి పాత జనం బార్న్‌ని "లైత్" అంటారు. పాత నార్స్ భాష మాట, వైకింగుల కాలం నుంచి మిగిలిపోయింది.

లోపల రెండు భాగాలు. ఒకటి నేల నుంచి కప్పు దాకా ఖాళీగా ఉండే గడ్డి భాగం, దాన్ని "మ్యూ" అంటారు. రెండోది "షిప్పన్", అంటే ఆవులు నిలబడే చోటు, దాని మీద అటక. ఆవులకి మధ్య నిలబెట్టిన రాతి పలకలో చెక్క పలకలో ఉంటాయి, వాటిని బోస్కిన్లంటారు. మొదటిసారి చూసినప్పుడు మా పల్నాటి నాపరాళ్ల గొడ్ల చావిడి గుర్తొచ్చి అక్కడే కాసేపు కూర్చుండిపోయాను.

ఇక గోడలు. ఆవులు కిందికి పోవడానికి ఒక తలుపు, కొన్నింటికి పేడ బయటికి తోసే చిన్న కంత, పైన బయటి నుంచి గడ్డి లోపలికి విసిరే చదరపు కంత (ఫోర్కింగ్ హోల్), గడ్డికి గాలి తగలడానికి అరచెయ్యి వెడల్పు కూడా లేని నాలుగైదు చీలికలు. పెద్ద బార్న్ అయితే బండి పోయేంత వాకిలి. అంతే. గడ్డి తడవకూడదు, ఆవుల వెచ్చదనం బయటికి పోకూడదు. అందుకే గోడ అరవై సెంటీమీటర్లు మందం, కన్నాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

కాబట్టి ధర అడగకముందే చెయ్యాల్సిన పని ఒకటుంది: చుట్టూ ఒకసారి నడిచి గోడలో ఉన్న కన్నాలు లెక్కపెట్టండి. ప్రతి కన్నానికీ ఎదురుగా మీ ఇంట్లో ఏ గది వస్తుందో కాగితం మీద రాయండి. కన్నం దొరకని గది ఆ ఇంట్లో ఉండదు. నా దగ్గరికి వచ్చేవాళ్లు సాధారణంగా దీనికి తిరగేసి చేస్తారు. ముందు గదుల జాబితా రాసుకుని, తర్వాత గోడకి కన్నాలు పొడవాలని చూస్తారు.

మీ బార్న్ బయటి కొలతలు మీరు పదీ, ఆరున్నర మీటర్లని రాశారు. రెండు వైపులా గోడ మందం తీసేస్తే లోపల 8.8 x 5.3. వెచ్చదనం కోసం లోపలి నుంచి వేసే పొర పది సెంటీమీటర్ల చొప్పున తినేస్తే మిగిలేది 8.6 x 5.1, అంటే సుమారు 44 చదరపు మీటర్లు. మన లెక్కలో 470 చదరపు అడుగులు. రెండు అంతస్తులు వేసుకున్నా 940. అందులో మెట్లు, బాత్రూములు, బాయిలరో హీట్ పంపో పెట్టే అర తియ్యండి. పైఅంతస్తులో కప్పు వాలు వల్ల అంచుల దగ్గర నిలబడలేరు, అదీ తియ్యండి. నాలుగు బెడ్రూములు ఎక్కడ?

కొత్త కిటికీలు

ప్లానింగ్ వాళ్లు కొత్త కిటికీలకి మొహం చిట్లిస్తారని చాలామంది తిట్టుకుంటారు. నేను చాలావరకు వాళ్ల పక్షమే. బార్న్ అందమంతా ఖాళీ గోడలో ఉంది. గడ్డి భాగం వైపు రాళ్ల వరసలు, ఆ వరసల మధ్య వారగా బయటికి పొడుచుకొచ్చిన త్రూ రాళ్లు. అవి అలంకారం కాదు. గోడ నిజానికి రెండు పొరలు, మధ్యలో చిల్లరాళ్లు నింపుతారు. ఆ రెంటినీ పట్టి ఉంచడానికి గోడ ఈ మొహం నుంచి ఆ మొహం దాకా పట్టే పొడవాటి రాళ్లవి. సున్నపురాతిని చెక్కడం కష్టం కాబట్టి గోడ సున్నపురాయి అయినా మూలరాళ్లు, ద్వారబంధాలు, త్రూ రాళ్లు తరచూ ఇసుకరాతివే ఉంటాయి. దూరం నుంచి రంగు తేడా తెలిసిపోతుంది. అలాంటి గోడ మధ్యలో పెరటి కిటికీ ఒకటి పెడితే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఉన్న కన్నాలతోనే వెలుతురు రాబట్టుకునే దారులున్నాయి. బండి వాకిలి ఉంటే ఇంటికి అదే ప్రాణం: మొత్తం అద్దం వెయ్యొచ్చు, కానీ అద్దాన్ని గోడ బయటి మొహం దగ్గర కాకుండా ఒక అడుగు లోపలికి పెట్టాలి, పాత చెక్క తలుపుల్ని రెండు పక్కలా తెరిచి ఉంచాలి. చీలికలకి లోపలి వైపు గోడ ఇప్పటికే వెడల్పుగా విచ్చుకుని ఉంటుంది, సున్నం వేసి తెల్లగా ఉంచితే ఆ సన్నటి సందు నుంచే గదంతా వెలుతురు పరుచుకుంటుంది. స్వేల్‌డేల్‌లో నేను చేసిన ఒక ఇంట్లో పై బెడ్రూముకి ఉన్న ఒకే ఒక్క కిటికీ ఆ గడ్డి విసిరే కంత. మంచం తలాపు నుంచి చూస్తే అందులో కొండ ఒక్కటే కనిపిస్తుంది. ఆ ఇంటావిడ "ఇంకో కిటికీ ఉంటే బాగుండేది" అని ఏనాడూ అనలేదు.

చేసిన తప్పు కూడా చెప్తాను. పని మొదలుపెట్టిన నాలుగో ఏడు, ఒక బార్న్ కప్పుకి ఆరు రూఫ్‌లైట్లు (కప్పులో పెట్టే కిటికీలు) పెట్టించాను. అనుమతి వచ్చింది, యజమాని సంతోషించాడు. శీతాకాలం సాయంత్రం ఎదురు కొండ మీంచి చూస్తే చీకటి లోయలో పెట్రోల్ బంకులా వెలిగిపోతోంది. తర్వాత 2020లో డేల్స్‌ని ఇంటర్నేషనల్ డార్క్ స్కై రిజర్వ్‌గా, అంటే రాత్రి చీకటిని కాపాడాల్సిన ప్రాంతంగా ప్రకటించారు. ఆ దారిలో కారులో వెళ్లినప్పుడల్లా నేను అటు చూడను. ఇప్పుడైతే రెండుకి మించి పెట్టను, అవీ రోడ్డు వైపు కాని వాలుకే.

అనుమతి: అసలు మీరు ఉండొచ్చా?

ఏజెంట్ మీకు "క్లాస్ క్యూ కింద అయిపోతుంది" అని చెప్పాడని రాశారు. అవ్వదు. పొలం కట్టడాల్ని పూర్తి ప్లానింగ్ దరఖాస్తు లేకుండా ఇళ్లుగా మార్చుకునే ఆ హక్కు ఇంగ్లండ్‌లో 2014 నుంచి ఉంది, 2024 మేలో దాన్ని ఇంకా వెడల్పు చేశారు కూడా. కానీ నేషనల్ పార్కుల్లో, కన్సర్వేషన్ ఏరియాల్లో (పాత రూపం కాపాడే ప్రాంతాలు), లిస్టెడ్ కట్టడాలకి (చట్టం రక్షణ ఉన్న పాత కట్టడాలు) అది వర్తించదు. నేషనల్ పార్క్‌లో బార్న్ అమ్ముతూ ఆ మాట అన్న ఏజెంట్‌కి తెలియదో, మీకు తెలియదనుకున్నాడో.

పార్క్ అథారిటీకి సొంత ప్లాన్ ఉంది, 2016 చివర్లో ఆమోదించింది. దాని ప్రకారం ఊళ్లలోనో, ఇతర కట్టడాల గుంపులోనో, రోడ్డు పక్కనో ఉన్న సంప్రదాయ బార్నుల్నే మార్చనిస్తారు. పొలం మధ్య ఒంటరి బార్న్‌కి దారి వెయ్యాలి, కరెంటు లాగాలి, నీళ్లు తేవాలి, కారు పెట్టే చోటు చదును చెయ్యాలి. అవన్నీ అయ్యేసరికి అక్కడ ఉండేది బార్న్ కాదని వాళ్ల వాదన, కాదనలేం. పైగా రోడ్డు పక్కది దొరికి అనుమతి వచ్చినా అది స్థానికులు ఉండే ఇంటిగానో, సెలవులకి అద్దెకిచ్చే ఇంటిగానో వస్తుంది. స్థానికులంటే ఆ ప్రాంతంలో కొన్నేళ్లుగా ఉంటున్నవాళ్లు, అక్కడ పనిచేసేవాళ్లు వగైరా. దాన్ని సెక్షన్ 106 ఒప్పందంగా రాయించుకుంటారు, కాబట్టి ఇల్లు చేతులు మారినా షరతు పోదు. బ్యాంకులు కూడా ఆ ఒప్పందం చూసి అప్పుకి వెనకాడతాయి. లీడ్స్‌లో ఉంటూ లీడ్స్‌లోనే పనిచేసే మీకు ఇది నేరుగా తగిలే దెబ్బ. అథారిటీ కొత్త ప్లాన్ మీద కూడా పనిచేస్తోంది, అందుకని కొనుగోలు కాగితాలు చూసే సొలిసిటర్‌కి డబ్బు కట్టేముందు అథారిటీ దగ్గర ప్రీ-అప్లికేషన్ సలహా (దరఖాస్తుకి ముందు ఇచ్చే సలహా) తీసుకోండి. దానికయ్యే ఫీజు ఈ మొత్తం వ్యవహారంలో మీరు పెట్టే అతి చవకైన ఖర్చు.

చెమ్మ, సున్నం, ఆవులు

ఇక మీ రెండో ప్రశ్న, నాకు ఇష్టమైనది.

పాత బార్న్ గోడని సున్నంతోనో, సున్నం కలిపిన మట్టితోనో కట్టారు. వాన గోడలోకి కొంత ఇంకుతుంది, ఎండా గాలీ తగిలినప్పుడు రాళ్ల మధ్య సున్నంలోంచి ఆరిపోతుంది. గోడ పీల్చడం, వదలడం అన్నమాట. పోర్ట్‌లాండ్ సిమెంట్‌కి 1824లో పేటెంట్ తీసుకున్న జోసెఫ్ ఆస్ప్‌డిన్ మీ లీడ్స్ మేస్త్రీయే. ఆయన్ని అనడానికేం లేదు, కానీ 20వ శతాబ్దంలో డేల్స్ రైతులు సున్నం మానేసి బార్నుల రాళ్ల సందుల్లో సిమెంట్ కూరడం మొదలుపెట్టారు. సిమెంట్ గట్టిది, నీళ్లని వదలదు. సన్నటి పగుళ్లలోంచి లోపలికి పోయిన నీళ్లు బయటికి రావడానికి దారి లేక రాతిలోకే పోతాయి. మంచుకి ఆ నీళ్లు గడ్డకట్టి రాతి మొహం పెచ్చులూడుతుంది. సిమెంట్ గీతలు మాత్రం చెక్కుచెదరకుండా గూడులా నిలబడి ఉంటాయి. మీరు పంపిన మూడో ఫొటోలో, తలుపు పక్కన, సరిగ్గా అదే కనిపిస్తోంది.

అంటే మీ చెమ్మకి సిమెంట్ మందు కాదు, బహుశా కారణమే అది. బయట సిమెంట్ పాయింటింగ్‌ని (రాళ్ల సందుల్లో నింపినది) చేత్తో, ఉలితో తీయించి (గ్రైండర్ పెడితే రాతి అంచులు పోతాయి) సున్నంతో నింపించండి. గాలి, వాన ఎక్కువ తగిలే గోడలకి ఇక్కడ ఎన్‌హెచ్‌ఎల్ 3.5 అనే రకం వాడతారు, నీళ్లు తగిలితే గట్టిపడే సున్నం. ఊరబెట్టిన మామూలు సున్నం ఇంకా మెత్తన, లోపలి పనికి బాగుంటుంది. మన గానుగ సున్నం చూసినవాళ్లకి దాని నడక వెంటనే పట్టుబడుతుంది. ఒక్క తేడా: మనకి ఎండకి త్వరగా ఆరిపోతుందని తడిగోనెలు కప్పుతాం, ఇక్కడ చలికి గడ్డకట్టకుండా కప్పుతాం. ఐదు డిగ్రీలకన్నా తగ్గితే పని ఆపాలి. డేల్స్‌లో సున్నం పని ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకానే అనుకోండి. ఈ క్యాలెండర్ తెలియని కాంట్రాక్టర్ అక్టోబరులో మొదలుపెడతానంటే వేరేవాణ్ణి చూసుకోండి.

తీసేశాక గోడ వెంటనే ఆరదు. ఇంత మందం గోడకి ఒక ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు. ఆ లోపు లోపల ఏమీ మూసెయ్యకూడదు.

ఇందులో బార్నులకి మాత్రమే ఉన్న చిక్కు ఒకటుంది, మామూలు డ్యాంప్ సర్వేయర్లు పట్టుకోలేరు. రెండు వందల ఏళ్లు ఆవులు కట్టేసిన గోడ అది. మూత్రంలోంచీ పేడలోంచీ వచ్చిన నైట్రేట్ లవణాలు రాతిలోకీ సున్నంలోకీ ఇంకిపోయి ఉంటాయి. అవి గాలిలో తేమని లాక్కుంటాయి. గోడ ఎంత ఆరబెట్టినా వానాకాలం వచ్చిందంటే మరకలు పైకి తేలతాయి. నిడర్‌డేల్‌లో ఒక కుటుంబం వేరేవాళ్ల చేత చేయించుకున్న ఇంటికి నన్ను పిలిచారు. భోజనాల గది గోడకి ప్రతి నవంబరులోనూ నడుమెత్తున తడి మచ్చలు వస్తాయి. పైపు లీకని రెండుసార్లు నేల తవ్వారట. వెళ్లి చూస్తే మచ్చలు నాలుగు, సమాన దూరంలో. పాత డ్రాయింగ్ తీయించాను. అక్కడ నాలుగు ఆవుల స్టాళ్లు. ఏ ఆవు ఎక్కడ నిలబడిందో గోడ ఇంకా చెబుతోంది!

అలాంటి గోడకి ముందు త్యాగపు ప్లాస్టర్ వెయ్యాలి. అంటే పాడవడానికే వేసే మెత్తటి సున్నపు పూత. లవణాలు అందులోకి వచ్చాక దాన్ని చెక్కేసి మళ్లీ వేస్తారు, రెండు మూడు దఫాలు. అంత ఓపిక లేకపోతే ఆ గోడకి ఆనకుండా, మధ్యలో గాలి ఆడేలా విడిగా ఒక లోపలి పొర నిలబెట్టండి.

వెచ్చదనం సంగతి: ఇంత మందం రాతి గోడ వెచ్చగా ఉంటుందనుకోవడం భ్రమ. దాని యూ-విలువ (గోడలోంచి ఎంత వేడి బయటికి పోతుందో చెప్పే అంకె, తక్కువైతే మంచిది) సుమారు 2 దగ్గర ఉంటుంది, ఇప్పటి కొత్త ఇంటి గోడకన్నా పదిరెట్లు అధ్వానం. లోపల ఫోమ్ బోర్డు, ప్లాస్టిక్ షీటు పెట్టి బిగించేస్తే గోడకి ఒక వైపు ఊపిరి ఆగిపోతుంది, దూలాల చివర్లు గోడలో కుళ్లిపోతాయి. నేను 60 మిల్లీమీటర్ల చెక్కనార బోర్డు వేసి, పైన సున్నపు ప్లాస్టర్ చేయిస్తాను. యూ-విలువ 0.5 దగ్గరికి వస్తుంది. నిబంధనల్లో రాసిన అంకె ఇంకా తక్కువే, కానీ ఊపిరి పీల్చే పాత గోడలకి సడలింపు ఉంది. బిల్డింగ్ కంట్రోల్ వాళ్లకి ముందే లెక్కలు చూపిస్తే ఒప్పుకుంటారు.

రెండు చోట్ల కత్తి పెట్టకండి

ఒకటి, అడ్డదూలం. పైఅంతస్తు వెయ్యగానే పాత ట్రస్ (కప్పుని మోసే చెక్క చట్రం) అడుగు దూలం మీ నడుముకో గుండెకో అడ్డం వస్తుంది. "దీన్ని కోసేసి పైకి ఎత్తి బిగిద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. డేల్స్ కప్పు రాతి పలకలది, కిందికి పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి. చదరపు మీటరుకి ఇంచుమించు వంద కిలోలు. ఆ బరువంతా వాసాల కాళ్లని బయటికి తోస్తుంటే, ఆ రెండు కాళ్లనీ కట్టిపడేసి ఉంచేది ఆ దూలమే. ఒక చోట దాన్ని కోసిన ఆర్నెల్లకి నన్ను పిలిచారు. గోడ పైభాగం బయటికి వాలి, కిటికీ పక్క పగుల్లో నా వేలు దూరింది. స్టీలు రాడ్లతో మళ్లీ లాగి బిగించడానికి అయిన ఖర్చుతో వాళ్లు ఒక వంటగది చేయించుకోవచ్చు. దూలం అడ్డం వస్తే అక్కడ గది వద్దు. ఆ భాగం కప్పు దాకా ఖాళీగా వదిలెయ్యండి, గడ్డి భాగం ఎలాగూ అలాగే ఉండేది. ఇంకో చోట మేం దూలానికి అటొకటి ఇటొకటి రెండు పడకగదులు పెట్టి, మెట్లు రెండు వేశాం. చోటు వృథా అన్నారు. గోడలు నిటారుగా ఉన్నాయి.

రెండోది నేల. తల తగులుతోందని, అండర్‌ఫ్లోర్ హీటింగ్ కావాలని నేలని లోతుకి తవ్వుతారు. ఈ గోడలకి మనం అనుకునే పునాది లేదు. నాలుగు పెద్ద రాళ్లు మట్టి మీద పేర్చి పైన గోడ కట్టేశారు. ఆ రాళ్ల అడుగు కన్నా లోతుకి తవ్వితే గోడ కాళ్ల కింద నేల తీసేసినట్టే. గోడ పక్కన చిన్న గుంత తీసి పునాది రాయి ఎంత లోతులో ఉందో చూసేదాకా ఫ్లోర్ డ్రాయింగ్ గియ్యవద్దని మా ఆఫీసులో నియమం.

కొన్నిచోట్ల సగం కూలిన బార్న్‌ని చూపించి "గోడలు మళ్లీ కట్టుకోవచ్చు" అంటారు. అది మార్పు కాదు, కొత్త ఇల్లు కట్టడం కిందికి వస్తుంది. 2016లో హిబ్బిట్ కేసులో హైకోర్టు ఈ గీతే గీసింది. అది క్లాస్ క్యూ కేసు, అందులోనిది మూడు వైపులా తెరిచి ఉన్న ఇనుప చట్రం షెడ్డు, కానీ అప్పట్నుంచి ప్రతి బార్న్‌కీ ఆ ప్రశ్నే వేస్తున్నారు: ఇప్పుడున్న కట్టడం తన కాళ్ల మీద తాను నిలబడుతుందా?

గబ్బిలాలు, పన్ను

గబ్బిలాలు ఉన్నాయని మీరు రాయలేదు. ఉన్నాయి. డేల్స్ బార్న్‌లో లేకపోతే ఆశ్చర్యం. చట్టం వాటికి గట్టి రక్షణ ఇచ్చింది, రాళ్ల సందులన్నీ పాయింటింగ్‌తో మూసేసినా నేరమే. సాయంత్రం అవి బయటికొచ్చేది చూసే సర్వే మే నుంచి సెప్టెంబరు మధ్యే జరగాలి. అక్టోబరులో కొంటే వచ్చే వేసవి దాకా దరఖాస్తు కదలదు. గుడ్లగూబ గూడు పెట్టి ఉంటే ఆ సీజనంతా పని ఆగినట్టే.

పన్ను విషయంలో నా క్లయింట్లు ఇద్దరు నష్టపోయారు, మీరు పోకండి. ఎప్పుడూ ఇల్లుగా వాడని కట్టడాన్ని ఇల్లుగా మార్చే పనికి కాంట్రాక్టర్ వేసే వ్యాట్ 5 శాతమే, 20 కాదు. అతను తప్పుగా 20 వేసి, మీరు కట్టేస్తే పన్నుశాఖ ఆ తేడా మీకు తిరిగివ్వదు, అతన్నే సరిచెయ్యమనాలి. సొంతంగా కొన్న సామాను మీద కట్టిన వ్యాట్‌ని స్వయంగా ఇల్లు కట్టుకునేవాళ్ల పథకం కింద రాబట్టుకోవచ్చు. పని పూర్తయిన ఆరు నెలల్లో అడగాలి, 2023 డిసెంబరుకి ముందు మూడే ఉండేది. ప్రతి బిల్లూ దాచండి.

మొత్తం ఖర్చు ఎంతవుతుందని అడిగారు. చూడకుండా చెప్పను. నా చేతుల మీదుగా వెళ్లిన ఏ బార్నూ అదే కొలతల కొత్త ఇంటికన్నా చవగ్గా తేలలేదన్నది మాత్రం నిజం. అంచనా మీద ఇరవై శాతం పక్కన పెట్టుకోండి, అది ఖర్చయిపోతుంది కూడా.

మరి లైత్ హౌస్ ఎందుకంటున్నాను

పెన్నైన్ కొండల్లో, హాలిఫాక్స్ చుట్టుపక్కల, రైతులు ఇంటినీ బార్న్‌నీ ఒకే కప్పు కింద ఒకే వరసలో కట్టుకున్నారు. కొంత నేత పని, కొంత పాడి. ఇల్లు ఒక పక్క, మధ్యలో బండి పోయే కమాను వాకిలి, ఆ పక్కన ఆవులు. కన్నాల లెక్క ఇక్కడ మీకు కలిసొస్తుంది: ఇంటి భాగానికి కిటికీలు ముందే ఉన్నాయి, బెడ్రూములు అటు పెట్టుకోవచ్చు. బార్న్ భాగానికి ఎత్తైన కమాను ఉంది, అందులో కప్పు దాకా ఒకే పెద్ద గది. గోడలకి కొత్తగా ఒక్క కంతా పొడవకుండానే నాలుగు బెడ్రూములు వచ్చిన ఇళ్లు రెండు చేశాను. రోడ్డు, కరెంటు, నీళ్లు ముందే ఉంటాయి. నేషనల్ పార్క్ కాదు కాబట్టి ఆ స్థానికుల షరతు ఉండదు. లిస్టెడ్ కట్టడమో, గ్రీన్ బెల్టో (ఊళ్ల చుట్టూ కట్టడాలు పెరగకుండా ఉంచే నేల) మాత్రం తప్పక చూసుకోవాలి, అటువైపు రెండూ ఎక్కువే. పైన చెప్పిన వ్యాట్ రాయితీ కూడా పాత ఇంటి భాగానికి అలాగే రాదు, అకౌంటెంట్‌ని అడగండి.

నిర్ణయించుకునే ముందు ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని కీత్లీ దగ్గర ఈస్ట్ రిడిల్స్‌డెన్ హాల్‌కి వెళ్లిరండి, పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థది. అక్కడి 17వ శతాబ్దపు పెద్ద బార్న్‌ని ఎవరూ ఇల్లు చెయ్యలేదు. మధ్యలో నిలబడి తలెత్తి చూస్తే మీరు కొనబోయేది గదులు కాదు, ఖాళీ అని తెలుస్తుంది. ధాన్యం బార్నుల్లో ఎదురెదురుగా రెండు పెద్ద వాకిళ్లు ఎందుకుంటాయో కూడా మీ అత్తగారికి చూపించండి. ఒకదాంట్లోంచి వచ్చిన గాలి రెండోదాంట్లోంచి పోతుంటే మధ్య నేల మీద తూర్పారపట్టేవాళ్లు. మన కళ్లంలో చేసే పనే, వానకి భయపడి ఇంట్లోకి తెచ్చుకున్నారు.

తూర్పు గుమ్మం అన్నారు కదా. గాలీ వానా ఇక్కడ ఎక్కువగా నైరుతి నుంచి వస్తాయి, కాబట్టి ఆ గాలి చాటున తలుపు పెట్టిన బార్నులు బోలెడు. మీ అదృష్టం బాగుంటే తూర్పుదే దొరుకుతుంది. దొరక్కపోతే కొత్తగా పొడవనివ్వరు. మీ అత్తగారికి ఇప్పుడే చెప్పేయండి, గృహప్రవేశం రోజు దాకా ఆగకండి.

ఈ బార్నే చూడాలని ఇంకా ఉంటే ఈసారి వెళ్లినప్పుడు టేపు, టార్చ్, ఒక బలమైన స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లండి. దూలాల చివర్లు గోడలోకి దూరేచోట స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి, అరంగుళం కన్నా లోపలికి దిగితే రాసుకోండి. నాకు నాలుగు ఫొటోలు కావాలి: నైరుతి గోడ లోపలి వైపు, ట్రస్ కాలు గోడ మీద ఆనిన చోటు, గోడ అంచు వెంట కింద నుంచి పైకి తీసినది (బయటికి ఉబ్బిందేమో చూడ్డానికి), ఆవుల స్టాళ్ల వెనక గోడ. వాటితోపాటు రోడ్డు నుంచి బార్న్ దాకా ఎన్ని అడుగులో నడిచి లెక్కపెట్టి రాయండి.